క్షమాపత్రం మీద సంతకం

ఒమన్‌లో రోడ్డు ప్రమాదంలో ఒక మనిషి పోతే, అతని వారసులకు చెల్లించవలసిన పరిహారం 15,000 రియాళ్లు. 2008లో, సుల్తాన్ కాబూస్ హయాంలో వచ్చిన రాజాజ్ఞలోని అంకె ఇది. మన రూపాయల్లో ముప్ఫై లక్షల పైమాట. దీన్ని అరబ్బీలో దియా అంటారు. ఇంగ్లీషు పత్రికలు బ్లడ్ మనీ అన్నాయి. దాన్నిబట్టి మనవాళ్లు రక్తపరిహారం అన్నారు, నెత్తుటి సొమ్ము అని కూడా అన్నారు. నెత్తుటి సొమ్ము అనగానే ముట్టుకుంటే చేతికి అంటుకునేదేదో అనిపిస్తుంది. అరబ్బీ మాటలో ఆ నెత్తురు లేదు. అది వట్టి చెల్లింపు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం దూరం వెళ్దాం. ఒమన్ కోర్టుల్లో వినిపించే మాటలు మనకు అంత పరాయివి కావు. నేరం జరిగితే అందులో రెండు హక్కులు ఉంటాయంటారు. ఒకటి సమాజానిది, రెండోది నష్టపోయిన మనిషిది. ఆ 'హఖ్' మన 'హక్కే'. ఊళ్లో ఉన్న కుటుంబం తరఫున మస్కట్‌లో ఒకరు నిలబడాలంటే 'వకాలా' రాసివ్వాలి. మన వకాల్తా అదే. చనిపోయినవాడి వారసుడు అక్కడా 'వారిసే'. క్షమించడాన్ని 'అఫూ' అంటారు. ఆ ధాతువులోంచే మన మాఫీ వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యమైనది రాజీ. అరబ్బీలో 'రాదీ' అంటే తృప్తి చెందినవాడు, మనసు నిండినవాడు. ఆ మాట ఉర్దూ మీదుగా తెలుగు దాకా వచ్చేసరికి తృప్తి ఎక్కడో జారిపోయింది. మనం 'రాజీ పడ్డాడు' అంటాం, కిందపడ్డట్టుగా. గెలవలేక, ఓడలేక, సగానికి ఒప్పుకున్నవాడు మనకు రాజీపడ్డవాడు.

నేరం చేసినవాడికీ నష్టపోయినవాడికీ మధ్య రాజీ కుదిరినప్పుడు, అందులో పాత అరబ్బీ అర్థం ఎంత ఉంది, మన తెలుగు అర్థం ఎంత ఉంది? ఒమన్‌లో దరిదాపు ఏడు లక్షల మంది భారతీయులున్నారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీలు, డ్రైవర్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్లు ఆ లెక్కలో ఉన్నారు. వాళ్లలో కొందరి ఇళ్లకు ఈ ప్రశ్న ఒక కాగితం రూపంలో వస్తుంది.

ముందు ఆ చట్టంలోని మంచిని చూద్దాం. 2018 నాటి ఒమన్ శిక్షాస్మృతి ప్రకారం, మరణశిక్ష పడిన హత్యకేసులో కూడా చనిపోయినవాడి వారసులు క్షమించినా, దియాకు ఒప్పుకున్నా ఆ శిక్ష జైలుశిక్షగా మారుతుంది. అంతమాత్రాన హంతకుడు ఇంటికి వెళ్లిపోడు. సమాజం హక్కు కింద జైలు ఉంటుంది. కానీ ప్రాణం తీయాలా, ఉంచాలా అన్న ప్రశ్న దగ్గర రాజ్యం ఆగి, కుటుంబం వైపు తిరిగి చూస్తుంది. ఆ వారసుల్ని 'వలీ అల్ దమ్' అంటారు. రక్తానికి సంరక్షకులని అర్థం. ఇస్లామీయ న్యాయంలో వాళ్ల ముందు మూడు దారులున్నాయి: ప్రాణానికి ప్రాణం, పరిహారం, ఊరకే క్షమించడం.

మన దేశంలో ఈ కుర్చీ లేదు. చిన్న దెబ్బలాటల వంటి నేరాల్లో కోర్టు రాజీకి ఒప్పుకుంటుంది గానీ హత్యలో ఒప్పుకోదు. కేసు ప్రభుత్వానికీ ముద్దాయికీ మధ్య నడుస్తుంది. బిడ్డ పోయిన తల్లి ఆ కేసులో ఒక సాక్షి, పిలిచిన రోజున వచ్చి, అడిగినదానికి జవాబు చెప్పి, బోను దిగి వెళ్లిపోవాలి. నార్వే నేరశాస్త్రజ్ఞుడు నిల్స్ క్రిస్టీ 1977లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని దొంగతనం అన్నాడు. తగాదా అనేది తగాదాపడ్డవాళ్ల సొత్తు, దాన్ని వకీళ్లూ ప్రభుత్వమూ కలిసి ఎత్తుకుపోయాయని ఆయన వాదన. అంతకు మూడేళ్ల ముందే, 1974లో, కెనడాలోని ఎల్మైరా ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు తాగి ఇరవైరెండు చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ అధికారి, వాళ్లను ఆ ఇళ్ల తలుపులు తట్టి ఒప్పుకోనిద్దాం, నష్టం కట్టనిద్దాం అన్నాడు. జడ్జి సరేనన్నాడు. ఈనాడు పునరుద్ధరణ న్యాయం అంటున్నదానికి ఆధునిక కాలంలో మొదలు అక్కడేనని చెబుతారు. అమెరికాకు చెందిన హోవర్డ్ జెహర్ ఈ పద్ధతికి ఒక చూపునిచ్చాడు. ఏ చట్టం తప్పారు, ఏం శిక్ష వేద్దాం అని అడిగేముందు ఎవరు దెబ్బతిన్నారు, వాళ్లకు ఏం కావాలి, దాన్ని తీర్చవలసిన బాధ్యత ఎవరిది అని అడగమన్నాడు.

వాళ్లకు ఏం కావాలి? డబ్బు అవసరం లేదని ఎవరూ అనరు. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో అప్పు ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి. కానీ దానితో పాటు, డబ్బుతో తీరనివి కొన్ని ఉంటాయి. చివరి క్షణంలో ఏమైనా అన్నాడా? చాలాసేపు నొప్పి పడ్డాడా? పక్కన ఎవరైనా ఉన్నారా? నీళ్లడిగాడా? ఈ ప్రశ్నలకు జవాబు పోలీసు రిపోర్టులో ఉండదు. తెలిసిన మనిషి చాలాసార్లు ఒక్కడే, ఆ ప్రాణం తీసినవాడే. తాను అందరికన్నా ఎక్కువగా ద్వేషించే మనిషి దగ్గరే తనకు కావలసిన జవాబు ఉండటం ఎంత దుర్భరం!

మనస్తత్వ శాస్త్రవేత్తలు నూరిట్ ష్నాబెల్, ఎరీ నాడ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో ఒక సూక్ష్మమైన సంగతి పట్టుకున్నారు. దెబ్బతిన్న మనిషి పోగొట్టుకునేది తన జీవితం మీద తనకున్న పట్టు. దెబ్బతీసినవాడు పోగొట్టుకునేది మంచివాణ్నన్న పేరు, మనుషుల్లో చోటు. కాబట్టి ఇద్దరికీ కావలసినవి వేరు. మొదటివాడికి మళ్లీ తన మాట చెల్లే అధికారం కావాలి. రెండోవాడికి మళ్లీ మనిషిగా చూసే ఒక చూపు కావాలి. ఒకరికి కావలసింది ఇంకొకరి చేతిలో ఉంది. తప్పు ఒప్పుకుని క్షమించమని అడిగినప్పుడు, అడిగేవాడు తన గతిని నిర్ణయించే అధికారాన్ని ఎదుటివాడి చేతిలో పెడుతున్నాడు. క్షమించినా, క్షమించకపోయినా ఆ అధికారం అప్పటికే చేతులు మారింది. ఊరట మొదలయ్యేది ఇక్కడే. దీన్నిబట్టి చూస్తే, 'కాదు' అనగలిగే వీలు ఉన్నప్పుడే 'సరే' అన్నదానికి విలువ.

ఇది వట్టి ఊహ కాదు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 1995 నుంచి కొన్నేళ్లపాటు లారెన్స్ షెర్మన్, హెదర్ స్ట్రాంగ్ కొన్ని కేసుల్ని లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టారు. సగం మామూలు కోర్టుకు, సగం బాధితులూ నేరస్థులూ ఎదురెదురుగా కూర్చునే సమావేశాలకు వెళ్లాయి. సమావేశాలకు వెళ్లిన బాధితులకు క్షమాపణ అందింది చాలా ఎక్కువసార్లు. వాళ్లలో భయమూ, ఎదురుదెబ్బ తీయాలన్న కోరికా తగ్గాయి. తర్వాత లండన్‌లో దొంగతనం, దోపిడీ బాధితులతో చేసిన ఇలాంటి అధ్యయనంలో, కలతనిద్రలూ ఉలికిపాట్లూ వంటి లక్షణాలు కూడా ఎదురెదురుగా కూర్చున్నవాళ్లలో గణనీయంగా తక్కువని తేలింది. కాన్‌బెర్రా వాడే అయిన జాన్ బ్రెయిత్‌వెయిట్ 1989లోనే రెండు రకాల సిగ్గును వేరుచేసి చెప్పాడు. 'నువ్వు చేసింది తప్పు' అనే సిగ్గు మనిషిని వెనక్కి తెస్తుంది. 'నువ్వే తప్పు' అనే సిగ్గు వాణ్ని శాశ్వతంగా అవతలి గట్టున వదిలేస్తుంది.

మనకు ఈ కథ పోతన భాగవతంలోనే ఉంది. నిద్రపోతున్న ఐదుగురు కొడుకుల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. భీముడు చంపమంటాడు. ఆమె వదిలేయమంటుంది. నేను ఏడ్చినట్టు వీడి తల్లి ఏడవకూడదన్నది ఆమె మాటకు ఆధారం. మనం ఆమె గొప్ప మనసును పొగిడి ఊరుకుంటాం గానీ, అక్కడ జరిగిన ఏర్పాటు చూడండి. చంపినవాడు ఆమె కళ్లెదుట ఉన్నాడు. ఆమె మాటకు ప్రతిగా ఎవరూ ఏదీ ఇవ్వజూపలేదు. భీముడి కోపానికి కూడా అక్కడ మాట దక్కింది. ఆమె క్షమించినంత మాత్రాన శిక్ష తప్పనూ లేదు. జుట్టు గొరిగి, నెత్తిమీది మణి తీసుకుని వెళ్లగొట్టారు. అయితే వాడికి తిరిగివచ్చే దారి మాత్రం ఎవరూ చూపలేదు. ద్రౌపదికి దొరికింది అశ్వత్థామకు దొరకలేదు.

ఇప్పుడు మళ్లీ ఒమన్ వద్దాం. మస్కట్ నుంచి సలాలా సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆదమ్ దాటాక హైమా, థుమ్రైత్ మీదుగా ఎడారి మధ్యలో తిన్నటి రోడ్డు. రాత్రిపూట ఒంటెలు అడ్డం వస్తాయి. సలాలాలో చిరుజల్లుల కాలం వచ్చిందంటే ఆ దారి నిండా బండ్లే. ఒక ఉదాహరణ అనుకుందాం. ఆ దారిలో జగిత్యాల జిల్లా మేస్త్రీ ఒకడు బండి గుద్ది చనిపోయాడు. నడిపినవాడు బంగ్లాదేశ్ నుంచి వచ్చిన డ్రైవరు. శవపేటిక శంషాబాద్‌లో దిగుతుంది. దినాలు అవుతాయి. భార్య తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకుంటుంది. వకాల్తా మీద సంతకం చేసి పంపుతుంది. అక్కడ డ్రైవరు మీద కేసు నడుస్తుంది, శిక్ష పడుతుంది. బీమా కంపెనీ దియా కడుతుంది. నెలలు గడిచాక ఒకరోజు బ్యాంకు నుంచి ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్‌లో అంకె ఉంటుంది. ఎవరి మాటా ఉండదు. ఆ డ్రైవరు శిక్ష ముగించుకుని తన ఊరికి తాను పోతాడు. చనిపోయినవాడికి పిల్లలెందరో అతనికి తెలీదు. అతను ఆ రాత్రి నుంచి నిద్రపోతున్నాడో లేదో ఈమెకు తెలీదు. ఇక్కడ డబ్బు సంపూర్ణంగా, న్యాయంగా చేరింది. ఆ తర్వాత దాని పంపకంలో అత్తింటివాళ్లకూ కోడలికీ పేచీ వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ డబ్బుకు అర్థం చెప్పే మాట ఏదీ దానితో పాటు రాలేదు కాబట్టి.

ప్రమాదాల్లో జరిగేది మాట లేని డబ్బు. హత్యకేసుల్లో దీనికి తలకిందులు, డబ్బుకు ముడిపెట్టిన మాట.

ఇలాంటి కేసుల్లో మనకు బాగా తెలిసినది పక్కనున్న దుబాయ్‌ది. 2005లో అక్కడ ఒక నేపాలీ కాపలాదారు హత్యకు గురయ్యాడు. ఆ కేసులో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు వలస కార్మికులు జైలుపాలయ్యారు. అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ 2011లో స్వయంగా నేపాల్ వెళ్లి, ఆ కుటుంబాన్ని కలిసి, పదిహేను లక్షల రూపాయల పరిహారం అందించారు. ఆ కుటుంబం క్షమాపత్రం మీద సంతకం చేసింది. సంతకం అయింది గానీ విడుదల కాలేదు. సమాజం హక్కు మిగిలే ఉంది. ఇంకో పన్నెండేళ్లు పైచిలుకు గడిచి, 2024లో వాళ్లు ఇళ్లకు చేరారు. వెళ్లేనాటికి పసివాళ్లుగా ఉన్న పిల్లలకు అప్పటికి పెళ్లీడు వచ్చింది.

ఆ ప్రయాణంలో ఒక మంచి ఉంది. ఎవరో ఒకరు ఆ ఇంటి గడప దాకా వెళ్లారు. ఒక లోటు కూడా ఉంది, అది ఎవరి తప్పూ కాదు. చనిపోయినవాడి మనుషులు నేపాల్‌లో, నిందపడ్డవాళ్లు దుబాయ్ జైల్లో, డబ్బు తెచ్చినవాళ్లు తెలంగాణ నుంచి. మూడు దేశాల మధ్య కాగితం తిరిగింది గానీ ఎవరి ముఖమూ ఎవరూ చూసుకోలేదు. ఆ తర్వాత సౌదీలో మరణశిక్ష పడిన ఒక కేరళ డ్రైవరు కోసం 2024లో మలయాళీలు చందాలెత్తి ముప్ఫైనాలుగు కోట్ల రూపాయలు పోగేశారు. ఒక ప్రాణం కోసం అంతమంది చేయి కలపడం చూసి కళ్లు చెమరుస్తాయి. కానీ అంత మొత్తం బల్ల మీద ఉన్నప్పుడు, అవతలి కుటుంబం లోపల ఏం జరిగిందో ఎవరు అడుగుతారు? పేద ఇంట్లో, అప్పులవాళ్లు వాకిట్లో ఉండగా, పెద్దమనుషులు నలుగురు చుట్టూ కూర్చుని ఉండగా చేసిన సంతకాన్ని చట్టం క్షమ అంటుంది. మనసు ఆ పేరుకు ఒప్పుకుంటుందో లేదో చెప్పలేం. కొందరు ఆ డబ్బు తీసుకున్నందుకు జీవితాంతం తమను తామే నిందించుకుంటారు. పోయినవాణ్ని అమ్ముకున్నామా అని.

తెలుగులో దండుగ అన్న మాట ఒకటుంది. ఊరి పంచాయితీ వేసే జరిమానా దండుగ. వృథాగా పోయిన ఖర్చూ దండుగే. తప్పు చేసినవాడు కట్టే సొమ్ము కట్టేవాడికీ, తీసుకునేవాడికీ కూడా దండుగగా మిగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉందని ఆ మాట పుట్టించినవాళ్లకు తెలుసేమో.

రాజీ అన్న మాటను ఇంతకన్నా చెడ్డగా వాడే చోటు ఇంకొకటుంది. ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్ల సంగతి. జీతం నెలల తరబడి ఇవ్వలేదనో, కొట్టారనో ఇంట్లోంచి బయటపడ్డ మనిషి ముందు ఒక బేరం పెడతారు: కేసు వదులుకో, పాస్‌పోర్టు, టిక్కెట్టు ఇచ్చి పంపేస్తాం. పిల్లల్ని చూడాలన్న ఆత్రంలో ఆమె సరే అంటుంది. కాగితం మీద అది పరస్పర అంగీకారం. అందులో తప్పు ఒప్పుకున్నవాడు ఎవడూ లేడు, క్షమించమని అడిగినవాడు లేడు, కాదనే స్తోమత ఆమెకు లేదు. దీన్ని పునరుద్ధరణ న్యాయం పక్కన కూర్చోబెట్టకూడదు. ఎదురెదురుగా కూర్చోబెట్టడం మంచిదన్నవాళ్లు కూడా, ఒకరి బతుకు ఇంకొకరి గుప్పిట్లో ఉన్నప్పుడు తొందరపడొద్దనే హెచ్చరిస్తారు. ముందు భద్రత, తర్వాత నిజం ఒప్పుకోవడం, ఆ తర్వాతే మాటలు. ఈ వరస తప్పితే రాజీ అన్నది నోరు మూయించడానికి ఇంకో పేరు అవుతుంది.

మరి ఒమన్‌లో చేయగలిగింది ఏముంది? ఈ దేశానికి కూర్చుని మాట్లాడటం కొత్త కాదు. ఇక్కడి పాత ఊళ్లలో సబ్లా అని ఒకటుంటుంది, మన రచ్చబండకు పైకప్పు వేసినట్టు. పెద్దలు ఖహ్వా తాగుతూ తగవులు తీర్చిన చోటు అది. 2005లో రాజాజ్ఞతో వచ్చిన రాజీ కమిటీలు ఆ అలవాటుకే చట్టరూపం ఇచ్చాయి. కుటుంబ, ఆస్తి, వ్యాపార తగాదాలను కోర్టుకెక్కేముందే, ఖర్చు లేకుండా ఆ కమిటీల ముందు తేల్చుకోవచ్చు. అక్కడ కుదిరిన ఒప్పందానికి అమలు చేయించగల బలం ఉంటుంది. 2012లో న్యాయవాదుల సంఘం మొదలుపెట్టిన ఫక్ కుర్బా పథకం కింద, అప్పు కట్టలేక జైలుపాలైనవాళ్లను జనం చందాలతో ఏటా వందల సంఖ్యలో బయటికి తెస్తున్నారు. పొరుగువాడి బాకీని మనది అనుకునే గుణం ఈ నేలలో ఉంది. ఆ గుణం డబ్బు దగ్గర ఆగకుండా మాట దాకా వెళ్లాలి.

పెద్ద చట్టాలు మారేదాకా ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. క్షమాపత్రం పట్టుకుని ఒక ఇంటికి వెళ్లే మనవాళ్లు, సంఘం పెద్దలు కావచ్చు, బంధువులు కావచ్చు, సంతకం కన్నా ముందు ఆ ఇంటివాళ్ల ప్రశ్నలు అడిగి రాసుకోవచ్చు. వాటిని జైల్లో ఉన్న మనిషికి చేర్చి, అతను చెప్పిన జవాబును అతని మాటల్లోనే, వాళ్ల భాషలో తెచ్చి వినిపించవచ్చు. వాళ్లు కోరితే ఫోనులో ముఖాలు చూపించవచ్చు, వద్దంటే మానవచ్చు. ప్రమాదంలో చంపిన డ్రైవరు, బీమా కంపెనీ తన తరఫున కట్టేసిందని ఊరుకోకుండా, వకీలును అడిగి ఒక ఉత్తరం రాయవచ్చు. 'ఆ రాత్రి ఇలా జరిగింది, మీవాడి చివరి క్షణాల్లో నేను పక్కనే ఉన్నాను' అన్న రెండు వాక్యాలు చాలు. ఆ ఉత్తరం కేసులో పనికొస్తుందని కాదు, అటు ఇంట్లోనూ ఇటు అతని గుండెలోనూ పనికొస్తుందని.

ఇంకొకటి, అన్నిటికన్నా కష్టమైనది. సంతకం పెట్టననే ఇంటిని మనం నిందించకుండా ఉండాలి. ఉరికంబం ఎదుట మనవాడున్నప్పుడు అవతలి తల్లి కఠినురాలిగానే కనిపిస్తుంది. కానీ ఆమెకున్న ఒకే ఒక్క అధికారం అది. దాన్ని వాడుకోనిస్తేనే, ఎప్పుడో ఒకనాడు ఆమె దాన్ని తనంతట తాను విడిచిపెట్టే అవకాశం ఉంటుంది. 2008లో ప్రియాంకా గాంధీ తన తండ్రి హత్యకేసులో శిక్ష పడిన స్త్రీని చూడటానికి వేలూరు జైలుకు వెళ్లేనాటికి ఆ హత్య జరిగి దాదాపు పదిహేడేళ్లు అయింది. ఎవరూ ఆమెను వెళ్లమనలేదు. వెళ్లాలని ఆమెకే అనిపించింది. కొన్ని ఇళ్లకు అంత కాలం పడుతుంది. కొన్నింటికి అది కూడా చాలదు.

15,000 రియాళ్లు ఎవరైనా లెక్కపెట్టగలరు. బీమా కంపెనీ కట్టగలదు, చందాలతో పోగేయగలరు, ప్రభుత్వాలు ఇవ్వగలవు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పి తలవంచడం మాత్రం చేసినవాడు తప్ప ఇంకెవరూ చేయలేరు. అది విని ఏమనాలో నిర్ణయించడం పోగొట్టుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేరు. ఈ రెండూ జరిగిన చోట సంతకం ఉన్నా లేకపోయినా, రాజీ అన్న మాటకు దాని పాత అర్థం కొంతైనా తిరిగొస్తుంది.